నలభై రెండో వరస

పసుపు అనుకున్నాడు నాయన. ప్రింటరు వెనకాల వైరు దూర్చే బొక్క మీద కంపెనీవాళ్లు అంటించిన పసుపుపచ్చ కాగితం చూసి, సూడమ్మా, వాళ్లే పసుపు పెట్టి పంపించినారు అని మురిసిపోయి, తను కూడా పసుపూ కుంకుమా తడిపి మూడు బొట్లు పెట్టాడు, ఒకటి మూత మీద, రెండు అటూ ఇటూ. ఆ కాగితం మీద ఎర్రటి అడ్డగీత ఉంది, దాని కింద పది భాషల్లో చిన్న అక్షరాలున్నాయి. చదవాల్సింది నేను. పొట్లం కట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా విప్పి చదివేదాన్ని, ఆ ఒక్క కాగితాన్ని మాత్రం చదవకుండా గోటితో పెరికి పారేశాను. గడియారం పదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది, శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. నాయన గడప దగ్గర నిలబడి, ముందు వైరు తగిలించేయమ్మా, తక్కింది మెల్లిగా సేసుకోవచ్చు, పరస్తానం పెట్టినట్టు, అంటున్నాడు. తగిలించాను. దీపం వెలిగింది. నాయన దండం పెట్టాడు. కంప్యూటరు మాత్రం తెర మీద ఒక ప్రశ్నార్థకం వేసి ఊరుకుంది, అదీ పసుపుపచ్చదే.

ఇప్పుడు పదీ నలభై. పక్కింట్లో మగ్గం ఆడుతోంది, మదనపల్లె పక్కన ఈ నీరుగట్టువారిపల్లెలో ఏ ఇంట్లో కూర్చున్నా పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంటుంది. బెంగళూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న రెడ్డెప్పకు ఫోను చేశాను, ఈ ప్రింటరు నిన్న సాయంత్రం అతని దగ్గర కొన్నదే.

"మేడమ్, ఎం.ఫిల్లు సదవతా ఉండారు, ఆ స్టిక్కరు సదవలేదా?"

"మా నాయన పసుపు అనుకున్నాడప్పా."

అవతల ఎవరికో చెప్పి నవ్వడం వినిపించింది. "వైరు ముందే తగిలిస్తే, మొగం తెలీని సుట్టం నేరుగా వంటింట్లోకి వచ్చినట్టు మేడమ్. కంప్యూటరు బిత్తరపోతాది. పెరికేయండి. సీడీ ఎయ్యండి. వైరు తగిలించమని అదే అడగతాది. అది అడిగేదాకా ముట్టుకోవద్దండి."

"నువ్వు ఒక్కసారి వచ్చి చూస్తావా?"

"రెండు దాటినాక వస్తా."

రెండుకు నేను బస్సులో ఉండాలి. పన్నెండూ ముప్పావుకు కుప్పం బస్సు, పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోతుంది, నాలుగూ పావుకు దించుతుంది, అయిదుకు యూనివర్సిటీ ఆఫీసు మూసేస్తారు, ఈరోజు సెప్టెంబరు ముప్పయి, రెండువేల అయిదు, నా ఎం.ఫిల్. పుస్తకం ఇవ్వడానికి ఆఖరి రోజు. రెండుసార్లు గడువు పొడిగించారు, మూడోసారి లేదన్నారు. పుస్తకం తయారుగానే ఉంది, మూడు ప్రతులు, స్పైరల్ బైండింగు, మంచం మీద పెట్టిన సంచిలో. ఒక్క కాగితం మార్చాలి. పట్టుపురుగులు పెంచేవాళ్ల నోళ్లలో ఉండే మాటలు ఏరుకొచ్చి రాసిన పుస్తకం అది, కురబలకోట నుంచి పెద్దపంజాణి దాకా ఊరూరా తిరిగి, నలభై ఒక్కమందిని అడిగి. ఆ నలభై ఒక్కమంది పేర్లూ చివరి కాగితంలో వరసగా ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నాయన మా ఊరినుంచి పచ్చి శెనక్కాయల మూటతో దిగి, పుస్తకం రాసినావంట, ఏందో ఒగ ముక్క సదువు, అన్నాడు. ఆయనకు చదువు రాదు. ఆయనకు అర్థమయ్యేది ఏముందా అని చూసి ఆ పేర్లు చదివాను. కండ్లు మూసుకుని విన్నాడు, తెలిసిన పేరు వచ్చినప్పుడల్లా తలాడించాడు, ఓ, వాడు బతికే ఉండాడా, అన్నాడు ఒకచోట. నలభై ఒకటో పేరు అయ్యాక కండ్లు తెరిచాడు.

"అయిపాయనా?"

"అయిపోయింది నాయనా."

"మీ యమ్మ యాడుండాది?"

నేను పద్ధతి చెప్పాను. అమ్మ పోయింది రెండువేల ఒకటిలో, నేను మాటలు ఏరడం మొదలుపెట్టింది రెండువేల మూడులో, ఎదురుగా కూర్చుని అడిగి రాసుకున్నవాళ్ల పేర్లే వెయ్యాలి, మా గైడు సారు చెప్పాడు, అన్నాను. ఆయన కాదనలేదు, కోపపడలేదు. ఒక శెనక్కాయ ఒలిచి, గింజలు నా చేతిలో పెట్టి, "ఆమె సెప్పలేదా నీకు?" అన్నాడు, అంతే. అన్నానికి కూర్చున్నాం. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా కాగితాలు ప్రింటు తీసిచ్చే డీటీపీ ఆయన చెల్లెలి పెండ్లికని అంగడి మూసి కదిరికి పోయాడు, ఇంకో అంగట్లో నా తెలుగు అక్షరాల ఫాంటు లేక ఫ్లాపీలోని పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా పడ్డాయి, సాయంత్రం మా ఆయన శివకుమార్ టమాట మార్కెట్టు యార్డునుంచి వచ్చి నా మొహం చూసి, పద, ఎప్పుడో ఒకప్పుడు కొనేదే కదా, అని ఈ ప్రింటరు కొనిపెట్టాడు. తెల్లవారకముందే మళ్లీ యార్డుకు పోయాడు. మిగిలింది నేనూ, నాయనా, ఈ పెట్టే.

వైరు పెరికేశాను. నాయన చూశాడు. "పెట్టిన పరస్తానం ఎవురన్నా మళ్లా ఇంటికి తెచ్చుకుంటారా?" అన్నాడు, నన్ను కాదు, శెనక్కాయలను. తర్వాత నన్ను చూసి, "మళ్లా తగిలించేది పన్నెండు దాటినాకనే తల్లీ. కొత్త వస్తువు," అన్నాడు. సరే అన్నాను. పన్నెండుకు తగిలిస్తే పన్నెండూ పదికి కాగితం, మూడు ప్రతుల్లో దూర్చడానికి పదిహేను నిమిషాలు, ఆటో, బస్సు. సరిపోతుంది. ఏదీ తప్పు పోకపోతే సరిపోతుంది. సీడీ వేశాను. తెర మీద నీలం గీత ఒకటి, ఎడమనుంచి కుడికి, చీమ నడకలో. పాత కంప్యూటరు, సెకండ్ హ్యాండుది, దానికి ఆయాసం ఎక్కువ.

ప్రస్థానం అంటే నా సంచి గుర్తొస్తుంది. తొంభై ఎనిమిదిలో ఎం.ఏ. సీటొచ్చి కుప్పం పోవాల్సింది శుక్రవారం, ఆ రోజు బాగలేదని బుధవారమే మంచి గడియలో నా సంచి తీసుకుపోయి ఎదురింటి చిన్నస్వామి వాళ్ల ఇంట్లో పెట్టాడు నాయన, సంచి బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే, తర్వాత ఎప్పుడు పోయినా దోషం లేదు. నాకున్న గుడ్డలన్నీ ఆ సంచిలోనే. రెండు రోజులు అమ్మ చీర చుట్టుకుని తిరిగాను, మేం పెంచే పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసేటప్పుడు కొంగు తట్టలకు తగిలి అమ్మ తిట్టింది, పిల్ల ఈడ, గుడ్డలు ఆడ, ఏం సంబరమో, సదువుకొనేటోళ్లు రైకలన్నా మిగుల్చుకోవద్దా, అని. పెద్దమ్మలు నవ్వారు. చిన్నస్వామి వాళ్ల ఇంట్లో నా సంచి మీద వాళ్ల పిల్లి పడుకుని ఉండింది. కుప్పం హాస్టల్లో సంచి విప్పితే మల్బరీ ఆకు వాసన, పిల్లి వెంట్రుకలు, వాటి నడుమ ఎప్పుడు పెట్టిందో అమ్మ పెట్టిన వేపిన శెనగల మూట. మా ఇంట్లో కాలేజీకి పోయినదాన్ని నేనే, ఊళ్లో ఆడపిల్లల్లో కూడా నేనే, ఏం తీసుకుపోవాలో చెప్పేవాళ్లెవరూ లేరు, అమ్మకు తెలిసిన దూరప్రయాణం పుంగనూరు ఆసుపత్రి దాకానే, అందుకని ఆసుపత్రికి పోయేటప్పుడు కట్టుకునేవే కట్టిచ్చింది, ఒక చెంబు, ఒక దుప్పటి, శెనగలు.

నీలం గీత సగం కూడా రాలేదు. ఫ్లాపీలోని కాగితం ఇంకోసారి తెరిచి చూస్తున్నాను. ఎడమ పక్క పేరు, తర్వాత ఊరు, వయసు, చదువు, సేకరించిన తేదీ. నలభై రెండో వరసలో చెంగమ్మ అని కొట్టాను రాత్రే. ఊరు కొట్టాను. వయసు యాభై మూడు, పోయేనాటికి. చదువు లేదు, ఈ కాగితంలో చాలామందికి ఆ గడిలో అదే మాట. తేదీ దగ్గర ఆగిపోయాను, రాత్రి ఆగింది ఇంకా ఆగే ఉన్నాను, మినుకు మినుకుమనే చిన్న గీత అక్కడే నిలబడి నన్ను అడుగుతోంది. సారు మొదటి రోజే చెప్పాడు, తేదీ లేని మాట సాక్ష్యం కాదమ్మా, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, రెండూ ఉండాలి. ఆయన మంచివాడు, నేను పల్లెనుంచి వచ్చానని తక్కువ చెయ్యలేదు, ఎక్కువా చెయ్యలేదు. ఆయనకు అబద్ధపు తేదీ ఇవ్వలేను. రెండువేల మూడులో ఏదో ఒక రోజు వేసేస్తే ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది. అప్పటికి అమ్మ లేదు. ఉత్త గీత గీసి వదిలేస్తే? నలభై ఒక్కమందికీ తేదీ ఉండి ఆమెకు లేకపోతే, ఏమీ చెప్పని మనిషిలా ఉంటుంది.

ఎప్పుడు చెప్పింది మరి? జ్వరం అన్న మాట. పురుగు పాత చర్మం వదలడానికి ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిలబడుతుంది, దాన్ని మావైపు జ్వరం అంటారు, గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు. నాకు ఆరేండ్లో ఏడేండ్లో, ఒళ్లు కాలిపోతూ ఉంటే తట్టల పక్కనే చాప వేసి పడుకోబెట్టింది, ఇంట్లో మాకున్న చోటు అంతే, నాలుగు వంతుల్లో మూడు పురుగులవి. నీకూ జ్వరమే, వాటికీ జ్వరమే, ముగ్గురూ గమ్మునుండండి, అంది. మూడో మనిషి ఎవరని అడిగాను. మీ నాయన, పనిలేక పండుకోనుండాడు, అంది. నాయన అవతలనుంచి ఏదో అన్నాడు, ఆమె వేలు నోటిమీద పెట్టుకుంది, అరవద్దు, పురుగులు లేస్తాయి, పురుగులకు చెవులుంటాయో ఉండవో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆ ఇంట్లో జ్వరం రోజుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు, పోట్లాడుకున్నా గుసగుసగానే పోట్లాడుకునేవాళ్లు. అది ఏ నెల? వాన పడుతున్నట్టు గుర్తు. కాదు, అది వాన కాదు, నాలుగో జ్వరం లేచాక పురుగులు ఆకు తినే చప్పుడు, వందల నోళ్లు ఒక్కసారి, అది అచ్చం వానలాగే ఉంటుంది, ఆ చప్పుడులోనే నేను పదో తరగతి చదివాను, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. అయితే ఆ రోజు వాన లేదేమో. తేదీ ఎట్లా చెప్పను.

ఎనకబడినోళ్లు అన్న మాట. అందరికంటే ఆలస్యంగా జ్వరం లేచే పురుగులను అమ్మ ఏరి వేరే తట్టలో పెట్టేది, ఈళ్లు ఎనకబడినోళ్లు, ఆ తట్టలో తోసుకుంటే సస్తారు, ల్యాత ఆకు ఏస్తే రెండు దినాల్లో తేరుకుంటారు. నేను ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో తప్పి, మదనపల్లెనుంచి ఇంటికి వచ్చి మూలన కూర్చుంటే, నాయన పుంగనూరులో తెలిసిన అంగట్లో పనికి పెడదామన్నాడు, చింతపండు తూకమేసే పని. అమ్మ పురుగుల తట్ట దించుతూ, తల తిప్పకుండానే, ఇదీ ఎనకబడినోళ్లలో ఒగటి, దీన్ని పక్క తట్టలో పెట్టు, అంది. ఆ ఏడాది నన్ను ఆకు కొయ్యడానికి పిలవలేదు. పెరుగు నాకు ఎక్కువ వేసేది. నేను తేరుకున్నాను. అది తొంభై మూడు. అంటే తొంభై మూడు వెయ్యాలా? ఆ మాట అంతకుముందు వందసార్లు విని ఉంటాను.

ఇంకొకటుంది, ఇది ఎవరికీ చెప్పలేదు. రెండువేల మూడులో కురబలకోట దగ్గర ఒక పల్లెలో మునెప్ప అనే పెద్దాయన అరుగుమీద కూర్చుని ఎనకబడినోళ్లు అన్నాడు. రాసుకున్నాను, మునెప్ప, డెబ్బై, చదువు లేదు, తేదీ. పుస్తకంలో ఆ మాట పక్కన ఆయన పేరే ఉంది. అట్లాంటివి ఇరవైకి పైనే. నాకు ముందే తెలిసిన మాటను ఎవరైనా మళ్లీ అనేదాకా కాచుకుని, వాళ్ల పేరుతో రాసుకున్నాను. పద్ధతి ప్రకారం తప్పు లేదు. పద్ధతి తప్పకుండా నేర్చుకున్నాను, చాలా కష్టపడి నేర్చుకున్నాను, నేర్పినవాళ్లను బయట నిలబెట్టి తలుపు వేసుకునేంత బాగా నేర్చుకున్నాను. ఇరవై మాటలనూ ఇప్పుడు మార్చలేను. ఈ ఒక్క వరస పెట్టగలను. అది కూడా లేకుండా సంచి పట్టుకుని బస్సెక్కితే, దారి పొడుగునా, పుంగనూరు దాటేదాకా, దాటినాక కూడా, నాయన ఒలిచి ఇచ్చిన గింజల్లాంటి ఆ ప్రశ్న చేతిలోనే ఉంటుంది.

తెర మారింది. గీత చివరిదాకా వచ్చి, ఒక బొమ్మ, వైరు, బాణం గుర్తు. ఇప్పుడు తగిలించండి అని అడుగుతోంది. అదే అడుగుతుందన్నాడు రెడ్డెప్ప, అడిగింది. పదకొండూ ఇరవై రెండు.

నాయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. వైరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఎనిమిది నిమిషాలు. నాకు రాహుకాలం మీద నమ్మకం ఉందా అంటే, ఉందని చెప్పలేను, నేను పాఠం చెప్పే క్లాసులో పిల్లలు అడిగితే లేదనే చెబుతాను. కానీ ఆయన ఎదురుగా ఉండగా ఎట్లా తగిలించను, డెబ్బై ఏండ్లవాడు, తెల్లారి మొదటి బస్సుకు పోదామనుకున్నవాడు ఈ కాగితం కోసం ఆగిపోయాడు. పన్నెండుకు తగిలించాక అది మళ్లీ ప్రశ్నార్థకం వేస్తే? రెడ్డెప్ప రెండు దాటినాక. పక్కింటి మగ్గం ఆగింది. పోగు తెగినట్టుంది. నాయన శెనక్కాయలు ఒలవడం కూడా ఆపాడు.

"అది ఏమంటాది?"

"వైరు పెట్టమంటోంది నాయనా."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే అడుగుతోంది. ఆగుతుందిలే. పన్నెండు దాకా ఆగుతుంది."

"పన్నెండుకు పెడితే అయిపోతాదా?"

"అయితే అవుతుంది. కాకపోతే..." ఆగాను. "కాకపోతే పాత కాగితంతోనే పోతాను."

నాయన ఒళ్లో తొక్కలు దులుపుకున్నాడు. గోడకు చెయ్యి ఆనించి మెల్లిగా లేచి, కంప్యూటరు దగ్గరికి వచ్చి, తెర మీది బొమ్మను చాలాసేపు చూశాడు.

"మీ యమ్మ ఏనాడన్నా రాహుకాలం సూసిందా? నేను సెప్పి సెప్పి సచ్చినాను. జ్వరం లేసి పురుగు ఆకడగతా ఉంటే నీ రాహువును తెచ్చి తినిపించమంటావా, అనేది. ఆ టయానికే ఆకేసేది." నవ్వబోయాడు, రాలేదు. "అడగతా ఉండాది కదా. పెట్టేయ్."

"నీకు పర్వాలేదా నాయనా?"

"నాకేమమ్మా. ఆమె పనికి ఆమె లెక్కే. పెట్టు."

పెట్టాను. ప్రింటరు ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది, లోపల ఏదో అటునుంచి ఇటు పరుగెత్తి నిలబడింది. ప్రశ్నార్థకం పోయింది. దాని పేరు తెర మీద కనిపించింది. నేను కాగితాల కట్ట సర్దబోయి ఆగాను, ఎందుకంటే ఆ చిన్న గీత ఇంకా తేదీ గడిలోనే మినుకుమంటోంది, ఇంక ఆలోచించడానికి వీల్లేదు, ఆలోచించాల్సినదీ లేదు. నేను పుట్టింది డెబ్బై ఆరులో. ఆమె పోయింది రెండువేల ఒకటిలో. మధ్యలో ఆమె మాట్లాడని రోజు, నేను వినని రోజు, కుప్పం హాస్టల్లో ఉన్న రోజులు తీసేస్తే, తీసెయ్యడం ఎందుకు, అక్కడ కూడా ఆ మాటలే కదా చెవుల్లో. ఇందులో అబద్ధం ఎక్కడుంది? సారు అడిగితే ఇదే చెప్పుకుంటాను, వద్దంటే ఆయన ఎదుటే వాదిస్తాను, ఆయనతో ఎప్పుడూ వాదించలేదు, ఒక్కసారి వాదిస్తే ఏమవుతుంది. కొట్టాను: 1976 నుంచి 2001 వరకు. అందరి తేదీలకూ సరిపోయిన చోటు దానికి చాల్లేదు. వరస కుడి పక్కకు, తక్కిన నలభై ఒక్కటినీ దాటి, కాగితం అంచు దాకా పోయింది. దాన్ని చక్కదిద్దే పద్ధతి ఉంది, అక్షరాలు చిన్నవి చెయ్యొచ్చు. చెయ్యలేదు. మూడు కాగితాలు కావాలని చెప్పి మీట నొక్కాను.

కాగితం లోపలికి పోయింది, ఆగింది, మళ్లీ కదిలింది. వరస తర్వాత వరస, మెల్లిగా, తలకిందులుగా, నల్లగా తడిగా మెరుస్తూ పేర్లు దిగుతున్నాయి. పదకొండూ నలభై. మొదటి కాగితం బయటికి వచ్చింది. నాయన అరచేతులు రెండూ చాపి పట్టుకున్నాడు, పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలోనుంచి గూడు తీసేటప్పుడు పట్టుకున్నట్టు, నొక్కకుండా.

"తడి ఉంటుంది నాయనా, ముట్టుకోవద్దు."

ముట్టుకోలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పెట్టి చూశాడు, పైనుంచి కిందికి, చదివేవాళ్లు చూసినట్టే. రెండో కాగితం దిగుతోంది. నేను సంచి విప్పి మొదటి ప్రతి చివరి పేజీ తీస్తున్నాను, తొందరలో వేలు స్పైరల్ తీగలో ఇరుక్కుంది.

"అన్నీ ఒగ గీత మీద నిలబడుండాయి కదా," అన్నాడు. "అడుగున ఇదొగటి యాల బయటికి వచ్చినాది?"

వేలు కాగితానికి తగలకుండా గాలిలో ఆ వరస వెంబడి పోయింది, చివరిదాకా.

"అది అమ్మది నాయనా."

కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. మూడో కాగితం వచ్చి పడింది. పక్కింట్లో పోగు అతికినట్టున్నారు, మగ్గం మళ్లీ మొదలైంది.

"ఉన్న ఇంట్లో కూడా దానికి జాగా సాలేది కాదు," అన్నాడు. కాగితం నా చేతికిచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "తీస్కో. ఆటోకు నేను పోయి నిలబడతా, నువ్వు సర్దుకోని రా."